తాజ్‌బీ చేతికి గాజులు

నాగర్‌కర్నూలు చుట్టుపక్కల ఊళ్ళలో ఆ రోజుల్లో గాజులమ్మేవాళ్ళకు కొదవ లేదు. అయినా చేతికి రెండే గాజులు మిగిలినా సరే, తాజమ్మ వచ్చేదాకా ఆగుదామని ఆడవాళ్ళు వారం పది రోజులు ఎదురు చూసేవాళ్ళు. పోనీ ఆమె సరుకేమైనా ఆకాశం నుంచి దిగిందా అంటే, కాదు. అందరూ తెచ్చే హైదరాబాదు సరుకే. బేరంలో పైసా తగ్గే మనిషీ కాదు. మరెందుకు ఆగేవాళ్ళంటే, ఊళ్ళవాళ్ళు తాజమ్మ అని పిలిచే ఆ తాజ్‌బీ తొడిగితే నొప్పి తెలిసేది కాదు. చేతిని ఆమె చేతిలో పెట్టి, నాలుగు మాటలు చెప్పుకుని నవ్వేలోపు డజను గాజులు మణికట్టు దగ్గర గలగలమనేవి.

ఈ నేర్పు తల్లి కడుపులోంచి తెచ్చుకున్నది కాదు. తాజ్‌బీ పుట్టింది బల్మూరులో, సేద్యం చేసుకునే ఇంట్లో. జొన్న కంకి కోయడం తెలుసు గానీ గాజు తొడగడం తెలియదు. 1932లో పదహారేళ్ళ పిల్లగా నాగర్‌కర్నూలుకు కోడలై వచ్చింది. భర్త గౌస్ పాషా నవ్వుమొహం మనిషి. నెలకోసారి హైదరాబాదు వెళ్ళి సరుకు మోసుకొచ్చేవాడు. అసలు పేరంతా అతని తల్లి మెహబూబీది.

మెహబూబీ చెయ్యి చూసి కాదు, చెయ్యి పట్టుకుని మనిషి సంగతి చెప్పేది. పొద్దున తిన్నావా లేదా, మొగుడితో పోట్లాడి వచ్చావా, నెల తప్పావా అన్నీ ఆమెకు వేళ్ళతోనే తెలిసిపోయేవి. కొందరు కోడళ్ళు ఆమెకు చెయ్యి ఇవ్వడానికి జంకేవాళ్ళు కూడా. ఇంట్లో దాచుకున్న సంగతి వాకిట్లో బయటపడుతుందని భయం. ఆమె మాత్రం ఎవరి గుట్టూ బయటపెట్టలేదు. తెలుసుకోవడం వేరు, చెప్పడం వేరు అనేది ఆమె లెక్క.

అలాంటి మనిషికి కూడా ఒక రోజు వచ్చింది. 1934లో తాజ్‌బీ మామ పోయాడు. మెహబూబీ చేతులు బోసిపోయాయి. దినాలు గడిచాక ఆమె ఎప్పటిలాగే మలారం భుజాన వేసుకుని ఊళ్ళకు బయలుదేరింది. మలారం అంటే తాళ్ళకు గుత్తులు గుత్తులుగా గాజులు ఎక్కించి కట్టిన కట్ట. ఇరవై ఏళ్ళుగా ఆమె కోసం తలుపులు తీసిన ఇళ్ళే అవి. ఆ రోజు కూడా తలుపులు తీశారు, పీట వేశారు, మజ్జిగ ఇచ్చారు, పోయిన భర్త గురించి అడిగి కళ్ళు తుడుచుకున్నారు. ఒక్కరూ చెయ్యి చాచలేదు. గాజులు లేని చేతితో గాజులు తొడిగించుకోవడమా అని ఎవరూ పైకి అనలేదు. అనాల్సిన అవసరమూ లేకపోయింది.

మధ్యాహ్నానికే ఇంటికి తిరిగొచ్చి మలారాన్ని మేకుకు తగిలించింది మెహబూబీ. ఎవరినీ తిట్టలేదు. "వాళ్ళ తప్పేమున్నది? వాళ్ళ జాగల నేనున్నా గట్లనే చేద్దును," అని మాత్రం అంది. తర్వాత కోడలి వైపు తిరిగి, "రేపటి సంది నువ్వు పోవాలె బేటీ," అంది.

వెళ్ళింది తాజ్‌బీ. వెళ్ళిన మూడో రోజే పొరపాటు చేసింది. ఊరి శివారులో జమ్ములమ్మ అనే ఆమె చెయ్యి చాచింది. గద్వాల వైపు నుంచి ఇక్కడికి కాపురానికి వచ్చిన మనిషి, పల్లికాయ చేలల్లో పని చేసి చేసి అరచేతులు మొద్దుబారిన మనిషి. గాజులు చేతికి అతికినట్టు ఉంటేనే అందమని అందరికీ తెలుసు. అలా బిగువుగా తొడగగలిగితేనే పనిమంతురాలని తాజ్‌బీ కూడా ఎక్కడో విన్నది. అందుకని జమ్ములమ్మ చేతికి ఒక కొలత చిన్న గాజు ఎంచి, బొటనవేలి దగ్గర ఆగిపోయినా వదలకుండా బలంగా తోసింది. గాజు విరిగి వేలి కణుపు మీద గీసుకుపోయింది. రక్తం బొటబొటా కారింది.

జమ్ములమ్మ వేలు నోట్లో పెట్టుకుని, "పోనీలే పిల్లా, కొత్త గద," అంది. తర్వాత కూర్చోవాల్సిన ఇద్దరు ఆడవాళ్ళు మాత్రం, పొయ్యి మీద ఏదో మాడిపోతోందంటూ లేచిపోయారు.

ఇంటికొచ్చి తాజ్‌బీ గోడకు ఆనుకుని ఏడ్చింది. ఈ పని నాకు రాదు, బల్మూరు పంపించెయ్యండి అంది. మెహబూబీ ఏడ్చినంత సేపు ఏడవనిచ్చి, వీధి తలుపు మూసి గొళ్ళెం పెట్టింది. కోడలి ముందు కూర్చుని తన బోసి చెయ్యి చాచింది.

"తొడుగు."

తాజ్‌బీ బిత్తరపోయింది. "నీకా అమ్మా? నువ్వు తొడుక్కోవద్దు గద?"

"తలుపేసిన గద. ఎవరు చూస్తరు? తొడుగు, తియ్యి. మళ్ళ తొడుగు."

అలా నాలుగైదు నెలలపాటు రోజూ మధ్యాహ్నం మూసిన తలుపు వెనక ఆ పాఠం జరిగింది. తొడగడం, తియ్యడం, మళ్ళీ తొడగడం. గాజులు నిషేధమైన చేతి మీదే తాజ్‌బీ గాజుల పని నేర్చుకుంది. "గాజును తొయ్యకు బేటీ, చెయ్యిని ఒప్పించు," అనేది అత్త. "భయపడ్డ చెయ్యి బిగుసుకుంటది. బిగుసుకున్న చేతికి ఎంత పెద్ద గాజైనా పట్టదు. ఆమెకు ఇష్టమైన ముచ్చట తియ్యి. ఆమె నోరు నవ్వంగనే చెయ్యి మెత్తబడ్తది. అప్పుడు ఎక్కించాలె." ఇంకో మాట కూడా అనేది. "నీ పరేషాన్ నువ్వు ఇంట్ల పెట్టి పో. మలారంల కట్టుకొని పోకు. మనం ఏడ్చుకుంట పోతే ఆడోళ్ళు చెయ్యి ఇయ్యరు." విరిగిన గాజు నష్టం ఎప్పుడూ మనదేనని, డజను మీద ఒక కొసరు గాజు వేసి దీవించకుండా చెయ్యి వదలకూడదని, ఇలా ఇంకా ఎన్నో. అన్నిటికన్నా గట్టి కట్టుబాటు ఒకటుంది. గాజులమ్మే మనిషి తన చేతికి తానే గాజులు తొడుక్కోకూడదు. ఇంకొకరు తొడగాలి.

ఈ పాఠాలు జరుగుతుండగా ఒకరోజు గౌస్ పాషా దొడ్డి దారిన లోపలికి వచ్చి చూశాడు. తల్లి చేతికి గాజులు చూసి అక్కడే ఆగిపోయాడు. తర్వాత నవ్వేసి, "నాక్కూడ నేర్పుండ్రి. రేపు దీని చేతికి నేనే ఏస్త," అన్నాడు. తాజ్‌బీ సిగ్గుతో అటు తిరిగింది.

ఆ రేపు రాలేదు. కొత్త పిల్ల తెచ్చే రాబడి చాలక, ఇల్లు గడవక, 1935లో గౌస్ పాషా బొంబాయి రేవులో మూటలు మోసే పనికి బయలుదేరాడు. బస్సు దగ్గర మెహబూబీ తన కొంగులోంచి రాగి తాయెత్తు తీసి నల్లదారంతో కొడుకు దండకు, మోచేతి పైన, కట్టింది. అతను తాజ్‌బీ వైపు చూసి, అందరి ముందూ ఎక్కువ మాట్లాడలేక, "రంజాన్‌కు వస్త. గాజులు నేనే తొడుగుత, ఎవ్వరితోని ఏపిచ్చుకోకు," అన్నాడు. బస్సు దుమ్ము రేపుకుంటూ వెళ్ళిపోయింది. తాజ్‌బీ ఆ మాటనే తలచుకుంటూ ఇంటిదాకా నడిచింది.

ఆ రంజాన్‌కు అతను రాలేదు. పండుగ ముందురోజు సాయంత్రం దాకా చూసి, మెహబూబీయే కోడలి చేతికి పచ్చ గాజులు తొడిగింది. తొడుగుతూ గౌస్ పాషా చిన్నప్పటి సంగతులు చెప్పింది. నాలుగేళ్ళప్పుడు మలారంలో దూరి నిద్రపోతే ఊరంతా వెతికారట. తాజ్‌బీ నవ్వింది. గాజులు అలవోకగా ఎక్కాయి. ఆ తర్వాతి రంజాన్‌కూ అంతే, ఆ పై దానికీ అంతే. మొదట్లో రెండు ఉత్తరాలు వచ్చాయి. తర్వాత అవీ ఆగిపోయాయి. సంతరోజు తాజ్‌బీ ఇల్లు చేరేసరికి మెహబూబీ గడపలో కూర్చుని ఉండేది. కాళ్ళు కడుక్కోకముందే అడిగేది: "బొంబాయి దిక్కు నుంచి ఎవరన్న వచ్చిండ్రా బేటీ సంతకు?" లేదమ్మా అనేది తాజ్‌బీ. మళ్ళీ సంతకు మళ్ళీ అదే ప్రశ్న.

1938 చలికాలంలో, రంజాన్ అయిన కొద్ది రోజులకు, ఒక సంతరోజు వచ్చాడు అబ్దుల్ ఖాదర్.

కల్వకుర్తి మనిషి. మాసిన కోటు, చేతిలో రేకు పెట్టె. తాజ్‌బీ అప్పుడు సంతలో గోనెపట్టా మీద కూర్చుని జమ్ములమ్మ చేతికి గాజులు తొడుగుతోంది. అవును, అదే జమ్ములమ్మ. వేలు కోసినా మళ్ళీ వచ్చి కూర్చున్న మొదటి మనిషి ఆమే. నాలుగు గాజులు ఎక్కాయి, ఐదోది బొటనవేలి కణుపు మీద ఉంది.

"గాజుల మెహబూబీ ఇల్లెక్కడమ్మా?" అని అడిగాడు ఖాదర్.

"ఏం పని?" అంది తాజ్‌బీ తలెత్తకుండా.

"ఆమె కొడుకు గౌస్ పాషా, నేను బొంబాయిల ఒక్క జాగలనే ఉంటుంటిమి. నెల దాటింది. జ్వరమొచ్చి పోయిండు పాపం. ఆడనే మట్టి చేసినం. పోయేముందుగాల ఈ తాయెత్తు ఇప్పి, మా అమ్మకియ్యి అన్నడు. ఆ ముసలామెకు ఎట్ల చెప్పాల్నో తెల్వక పొద్దటి సంది సంతల తిరుగుతున్న."

తాజ్‌బీ వేళ్ళ మధ్య జమ్ములమ్మ చెయ్యి ఉంది. గాజు కణుపు మీదే ఉంది. తోస్తే విరుగుతుంది, వదిలేస్తే జమ్ములమ్మకు తెలిసిపోతుంది. ఆమె వేళ్ళు మాత్రం నేర్చుకున్న పని చేసుకుపోయాయి. అరచేతిని మెల్లగా ఒత్తాయి, గాజును దాటించాయి. ఐదు. ఆరు. ఏడు. పన్నెండూ అయ్యాక కొసరు గాజు కూడా వేసి, "సల్లగుండు జమ్ములక్కా," అంది. ఆ మాట తన నోటినుంచే వచ్చిందని ఆమెకు నమ్మకం కలగలేదు. చుట్టూ అమ్మకాల గోల. ఖాదర్ మాటల్ని జమ్ములమ్మ విన్నదో లేదో తెలియదు. విన్నా, ఆ తర్వాత ఏనాడూ ఎత్తలేదు.

జమ్ములమ్మ వెళ్ళాక తాజ్‌బీ లేచి నిలబడింది. "నేనే వాని పెండ్లాన్ని," అంది. ఖాదర్ రెండు చేతులతో తల పట్టుకున్నాడు. ఆమె చెయ్యి చాచి తాయెత్తు తీసుకుంది. "అమ్మకు నేను చెప్త. నువ్వు ఇంటికి రాకు అన్నా," అంది.

చెప్పాలనే బయలుదేరింది. దారంతా మాటలు కూర్చుకుంది. గడపలో మెహబూబీ ఎప్పటిలాగే కూర్చుని ఉంది. కళ్ళలో అప్పటికే పొర మొదలైంది, అడుగుల చప్పుడును బట్టి తలెత్తింది. "బొంబాయి దిక్కు నుంచి ఎవరన్న వచ్చిండ్రా బేటీ?" అంది. ఆ గొంతులోని ఆశ వినగానే తాజ్‌బీ కూర్చుకున్న మాటలన్నీ ఎటో పోయాయి.

"లేదమ్మా," అంది.

ఒకసారి లేదన్నాక తిప్పుకోవడం ఎంత కష్టమో అబద్ధమాడిన ప్రతివాడికీ తెలుసు. రేపు చెబుదామనుకుంది, ఎల్లుండి చెబుదామనుకుంది. మలారం భుజానికి ఒరుసుకోకుండా కింద వేసుకునే గుడ్డ మెత్త ఒకటుంటుంది. దాని కుట్టు విప్పి తాయెత్తు లోపల పెట్టి మళ్ళీ కుట్టేసింది. తల్లికిమ్మని చచ్చిపోతూ చెప్పిన వస్తువును తాను దొంగిలించానని ఆమెకు తెలుసు. నడిచేటప్పుడు అది భుజం ఎముకకు గుచ్చుకునేది. ఆ నొప్పి ఆమెకు కావాలనే ఉండేది. దాన్ని తప్పించుకోవడానికి ఆమె ఏనాడూ మలారాన్ని రెండో భుజానికి మార్చుకోలేదు.

భర్త పోయిన ఆడది నాలుగు నెలల పది రోజులు ఇల్లు కదలకుండా గడువు పాటించాలి. ఇల్లు కదలకపోతే పొయ్యి వెలగదు, పైగా సంగతి బయటపడుతుంది. మిగిలిన ఆ మూడు నెలల పైచిలుకూ తాజ్‌బీ సుర్మా పెట్టుకోలేదు, పూలు పెట్టుకోలేదు, రంగు చీర కట్టలేదు. కళ్ళు మండుతున్నాయంది, పూల వాసన పడటం లేదంది. మెహబూబీ దేనికీ ఎదురు అడగలేదు. నమాజు తర్వాత తాజ్‌బీ దోసిలి పట్టి, తప్పయితే నా ఒక్కదాని మీదే రాయి అని అల్లాను వేడుకునేది.

తాయెత్తు దాచిన ఆ వారం నుంచి ఒక మంచి జరిగిందనుకుంది. సంతరోజు మెహబూబీ బొంబాయి గురించి అడగడం మానేసింది. ఆశ మెల్లగా దానంతటదే చల్లారుతోంది కాబోలు, నేను చెప్పే అవసరమే రాదేమో అనుకుంది తాజ్‌బీ. మనకు అనుకూలంగా ఉన్నదాన్ని మనం ఎక్కువ తరచి చూడం కదా.

తాజ్‌బీ అన్న ఫకీర్ బల్మూరు నుంచి వచ్చాడు. ఒకసారి కాదు, రెండేళ్ళలో మూడుసార్లు. "ఉత్తరం లేదు, ఉలుకు లేదు. ఎన్నేండ్లు కూసుంటవు చెల్లె? ఇడుపు కాయితం అడుగుదాం. అమ్రాబాద్‌ల మంచి సంబంధమున్నది," అన్నాడు. తాజ్‌బీకి అప్పటికి ఇరవై నాలుగు. ఒక్క మాట చెబితే చాలు, విడాకుల అవసరం కూడా లేకుండా ఆమెకు దారి తెరుచుకుంటుంది. మెహబూబీ ఆ మూలన కూర్చుని మలారం తాళ్ళు సర్దుతోంది, తల ఎత్తలేదు. "ఆయన వచ్చేదాకా నేను ఏడికి రాను," అంది తాజ్‌బీ. ఫకీర్ తిట్టుకుంటూ వెళ్ళిపోయాడు.

త్యాగమనే పెద్ద మాట ఆమె నోట ఎప్పుడూ వినలేదు ఎవరూ. నిజం చెప్పాలంటే ఆమెకు అతను కావాలి. అంతే. చనిపోయినా అతనే కావాలి. ఊరికీ ఊరికీ మధ్య నిర్మానుష్యంగా ఉన్న బాటలో ఆమె గౌస్ పాషాతో మాట్లాడుకుంటూ నడిచేది. ఈ ఇంట్లో పిల్ల పుట్టింది, ఆ ఇంట్లో కోడలు అలిగింది అని అన్నీ చెప్పేది. ఊరి మొదటి ఇల్లు కనబడగానే మొహం తుడుచుకుని, "గాజులమ్మో గాజులు" అని గొంతెత్తేది. ఆ వాకిట్లో ఆమెను చూసినవాళ్ళెవరూ ఈ మనిషికి ఒక దిగులుందని అనుకోలేదు. యుద్ధం వచ్చి సరుకు కరువైన రోజుల్లో కూడా ఉన్న నాలుగు రకాలతోనే నవ్వించి తొడిగేది. ఆమెకు అంత పేరు వచ్చింది ఆ ఏళ్ళలోనే.

ఒక్క రోజు మాత్రం ఆమె పనితనం పనికొచ్చేది కాదు. రంజాన్ ముందురోజు మెహబూబీ, "చెయ్యియ్యి బేటీ," అనేది. తాజ్‌బీ ఇచ్చేది. మనుషుల గుట్టు వేళ్ళతో పట్టుకునే అత్తకు తన చెయ్యి అప్పగించడమంటే ఆమెకు ప్రాణం మీదికొచ్చేది. ఎంత వద్దనుకున్నా చెయ్యి కొయ్యబారేది. గాజులు కణుపు దాటేవి కావు. మెహబూబీ నూనె రాసేది, కుంకుడు నురగ పూసేది, చివరికి ఒక కొలత పెద్దవి తెప్పించేది. "మలారం మోసి మోసి నీ చెయ్యి పెద్దగయ్యింది," అనేది. హమ్మయ్య, అలా అనుకుంటోంది అని తాజ్‌బీ ఊపిరి పీల్చుకునేది. కొడుకు చిన్నప్పటి సంగతులు మాత్రం మెహబూబీ ఇప్పుడు చెప్పేది కాదు. మాటా పలుకూ లేకుండా తొడిగేది.

చూపు దాదాపు పోయినా, రోజూ తెల్లవారి మలారం కట్టే పని మెహబూబీ ఎవరికీ ఇవ్వలేదు. "గాజుల కట్టు చేతులకు తెలుస్తది, కండ్లెందుకు?" అని కసిరేది. భుజం మెత్త రెండుసార్లు చిరిగిపోతే తానే తడుముకుంటూ కొత్త గుడ్డ వేసి కుట్టింది. ఆ రెండుసార్లూ తాజ్‌బీ ఉరుకున వచ్చి మెత్తను నొక్కి చూసుకుంటే తాయెత్తు లోపలే ఉంది. పాత మెత్త పైనే కొత్త గుడ్డ తొడిగేసింది, కళ్ళు కనబడవు కదా అనుకుని అల్లాకు దండం పెట్టుకుంది. కళ్ళ కన్నా వేళ్ళు ఎక్కువ చూస్తాయని తనకు నేర్పిందే ఆమె అన్న సంగతి, ఊరందరి చేతులూ చదివే తాజ్‌బీ సొంత ఇంట్లో మరిచిపోయింది.

1945లో యుద్ధం ముగిసింది. దూరాలు వెళ్ళినవాళ్ళు ఒకరిద్దరు తిరిగొస్తున్నారు. మీ గౌస్ కూడా వస్తాడేమోనని వాడకట్టులో వాళ్ళు అంటుంటే తాజ్‌బీ తల దించుకునేది. ఆ వానాకాలంలోనే మెహబూబీ మంచం పట్టింది. దవాఖాన మందు తాగించినా గుణం కనబడలేదు. రంజాన్ రేపనగా, మధ్యాహ్నం నమాజు అయ్యాక కోడలిని పిలిచింది.

"మలారం తే."

తెచ్చింది.

"మెత్త ఇప్పు."

తాజ్‌బీ మెత్త మీద చెయ్యి వేసింది. "ఎందుకమ్మా?"

"నా కొడుకు తాయెత్తు నాకియ్యి బేటీ. పోయేటప్పుడన్న నా దండకు కట్టుకొని పోత."

తాజ్‌బీ నేల మీద కూలబడింది. తర్వాత కత్తెర తెచ్చి మెత్త విప్పబోయింది. కుట్టు చూసి ఆగిపోయింది. తనది పొడుగు కుట్టు, వంకర కుట్టు. తాయెత్తును పొదివి పట్టిన గుడ్డకు ఉన్నది చీమ బారులా సన్నని కుట్టు. లోపల తాయెత్తుకు నల్లదారం కూడా మారింది. తాను పెట్టినప్పుడు అది తెగి ఉంది.

"ఎప్పుడు తెలిసిందమ్మా?"

"నువ్వు పెట్టిన తెల్లారే. మలారం కట్టంగ చేతికి తాకింది. ఒక్క కుట్టు ఇప్పి చూసిన. నేను కట్టిన తాయెత్తు నాకు తెల్వదా?" మెహబూబీ కాసేపు ఊపిరి తీసుకుంది. "అప్పటి సంది పొద్దుగాల నువ్వు లేవకముందుకే వాన్ని తడుముకుంటున్న. మలారం కట్టేతందుకు గాదు బేటీ, నేను రోజూ లేచింది దానికే."

"మరి నాకెందుకు చెప్పలె?"

"నువ్వెందుకు చెప్పలె?"

తాజ్‌బీ అడిగినదానికి జవాబు ఆ ప్రశ్నలోనే ఉంది.

"నాకు తెలిసిందని తెలిస్తే నువ్వు గాజులు తీసేస్తుంటివి," అంది మెహబూబీ. "బోసి చేతుల్తోని ఏ వాకిట్ల నిలబడ్తవు? నాకు మజ్జిగ పోసి పంపిచ్చినట్లు నిన్ను పంపిస్తరు. నాకైన గతి నీకు కావొద్దనుకున్న. గదే అనుకున్న మొదాల." ఆమె తాయెత్తు కోసం తడుముకుంది. "ఉత్త గదే గాదు. చావు ముంగట అబద్ధమెందుకు? నీ చేతికి గాజులున్నన్ని దినాలు నా కొడుకు బొంబాయిలనే ఉన్నడు అనిపిస్తుండె. మీ అన్న వచ్చినప్పుడన్న చెప్పేదుండె. నీ వయసంత నేను తిన్న బేటీ. మాఫ్ చెయ్యి."

"నేనే పోలేదమ్మా," అంది తాజ్‌బీ. "నువ్వు చెప్పినా పోకపోదును. నాకు ఆయన యాది చాలు. ఆయన్ను యాది చేసుకునేతందుకు నాకు నువ్వు తప్ప ఎవరున్నరు?"

తాజ్‌బీ అత్త దండకు తాయెత్తు కట్టింది. సంతలో జమ్ములమ్మ చెయ్యి పట్టుకున్నప్పుడు వణకని వేళ్ళు ఇప్పుడు ముడి వెయ్యలేక మూడుసార్లు తప్పాయి.

"చెయ్యియ్యి," అంది మెహబూబీ. "పచ్చవి తియ్యి. చిన్న కొలతవి. నువ్వు పెండ్లయి వచ్చినప్పటివి."

"అవి పట్టవమ్మా."

"పడ్తయి. ఇయ్యి."

తాజ్‌బీ చెయ్యి ఇచ్చింది. ముసలామె వేళ్ళు అరచేతిని చుట్టుకున్నాయి. ఏడేళ్ళ తర్వాత మళ్ళీ కొడుకు సంగతి ఎత్తింది. "నాలుగేండ్ల పోరడు, మలారంల పండుకున్నడు గద. గాజులు గలగలమనకుంట ఎట్ల దూరిండో నాకు ఇప్పటికీ తెల్వదు," అంది. తాజ్‌బీకి నవ్వు వచ్చింది. నవ్వుతూనే ఏడుపు వచ్చింది. సంతలో రాని ఏడుపు, గడపలో మింగిన ఏడుపు, బాటల వెంట తుడుచుకున్న ఏడుపు అంతా ఇప్పుడు వచ్చింది. ఏడుస్తూ చేతి సంగతే మరిచిపోయింది.

పన్నెండు గాజులూ ఎక్కాయి. పక్కన పెట్టుకున్న నూనె గిన్నెను ఎవరూ ముట్టుకోలేదు.

మెహబూబీ తడిమి లెక్క చూసుకుని కొసరు గాజు కూడా వేసింది. "వాని పేరు మీద వేసిన. ఇగ రేపు తీసేస్తవో, ఉంచుకుంటవో, నీ ఇష్టం బేటీ," అని చెయ్యి వదిలింది.

తాజ్‌బీ తన చేతిని వెనక్కి తీసుకోలేదు.